పెద్దవాళ్ళ పెట్టెలో దొరికిన నగ: ముందు ఎవరికి చూపించాలి?

అమ్మమ్మో, మేనత్తో పోయాక ఆవిడ బీరువా సర్దుతుంటే ఎవరికీ గుర్తులేని నగ ఒకటి బయటపడటం మన ఇళ్ళలో మామూలే. పట్టుచీర మడతలో ఎర్రరాళ్ళ పతకం ఉండొచ్చు. పాత పౌడరు డబ్బాలో ఒంటిపేట ముత్యాలు ఉండొచ్చు. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న కాసుకి కొక్కెం అతికించి ఉండొచ్చు. ఇది బంగారమేనా, రాళ్ళు కెంపులేనా, ఎన్నాళ్ళ నాటిది, ఎంత చేస్తుంది అని ప్రశ్నలు వరసగా వస్తాయి. చాలామంది మర్నాడే దాన్ని పర్సులో వేసుకుని నగల షాపుకు వెళ్తారు. నన్నడిగితే, షాపుకు వెళ్ళాల్సింది అందరికన్నా ఆఖర్న.

ఎందుకంటే ఆ నాలుగు ప్రశ్నలకీ ఒకే మనిషి దగ్గర జవాబు ఉండదు. కంసాలి పనితనం చూసి వయసు అంచనా కడతాడు గానీ, కెంపు గనిలోదో ఫ్యాక్టరీదో తేల్చలేడు. హాల్‌మార్కింగ్ సెంటర్ బంగారం శాతం చెబుతుంది, రాళ్ళ జోలికి పోదు. రత్నాల ల్యాబ్ రాయి సంగతి చెబుతుంది, ధర చెప్పదు. షాపతను ధర చెబుతాడు, కానీ అది కొనేవాడు చెప్పే ధర. మీకు ముందు ఏ జవాబు కావాలో తేల్చుకుంటే, ఎవరి దగ్గరికి వెళ్ళాలో దానంతటదే తేలిపోతుంది.

ఇల్లు కదలకముందు

నగని కడగొద్దు. మన అలవాటు కొద్దీ కుంకుడు రసంలో నానబెట్టి బ్రష్షుతో రుద్దాలనిపిస్తుంది. సాదా గొలుసైతే ఫరవాలేదు. రాళ్ళ వెనక బంగారం మూసేసి ఉన్న పాత కట్టడమైతే మాత్రం నీళ్ళు తగలనివ్వకూడదు. రాయి మెరవడానికి దాని కింద పల్చటి రేకు పెడతారు, లోపల లక్క నింపుతారు. తడి చేరితే ఆ రేకు నల్లబడుతుంది, రాయి వెలవెలబోతుంది. ముత్యాలకూ, పచ్చలకూ కూడా సబ్బులు, ద్రావకాలు పడవు.

తర్వాత పెద్దవాళ్ళకు ఫోన్ చేయండి. అమ్మ అక్కచెల్లెళ్ళు, నాన్న మేనత్తలు, ఇంకా మాట్లాడగలిగిన వయసులో ఎవరున్నారో వాళ్ళందరికీ ఫోటోలు పంపండి. "ఇది ఏంటి?" అని అడిగితే "పాతకాలంది" అంటారు. "ఎవరి పెళ్ళికి చేయించారు, పుట్టింటివాళ్ళు పెట్టిందా అత్తింటివాళ్ళు పెట్టిందా, ఏ ఊరి కంసాలి, ఎప్పుడైనా విరిగితే అతికించారా" అని అడగండి. పాత పెళ్ళి ఫోటోల్లో మెడా చెవులూ పెద్దవి చేసి చూడండి. ఏ ల్యాబూ ఇవ్వలేని సమాచారం ఇక్కడే దొరుకుతుంది, అది కూడా వాళ్ళు ఉన్నన్నాళ్ళే.

కాగితాలు దొరికితే తూకాల మాట జాగ్రత్తగా చదవాలి. పాత లెక్కల్లో తులమన్నా, రూపాయెత్తు అన్నా 11.66 గ్రాములు, అంటే బ్రిటిష్ వారి వెండి రూపాయి బరువు. ఇప్పుడు బజార్లో తులం అంటే 10 గ్రాములు. కోస్తా వైపు కాసు అంటే 8 గ్రాములు. "ఆరు తులాలు" అని రాసున్న గొలుసు ఇప్పుడు 69 గ్రాములు తూగితే అది సరిగ్గానే ఉంది, కాస్త అరిగిందంతే. ఈ తేడా తెలియకపోతే, ఇప్పటి లెక్కలో దాదాపు ఏడు తులాలు తూగే గొలుసుకి కాగితంలో ఆరే ఎందుకున్నాయని అన్నదమ్ముల మధ్య మాటా మాటా పెరిగే అవకాశం ఉంది.

ఇక ముద్రలు. కొక్కెం దగ్గర, సీల మీద, పతకం వెనక భూతద్దంతో వెతకండి. మన దేశంలో బంగారానికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) హాల్‌మార్కు, అంటే స్వచ్ఛత ముద్ర, 2000లో మొదలైంది. తప్పనిసరి చేసింది 2021 జూన్‌లో. ఒక్కో నగకి విడిగా ఇచ్చే ఆరు అక్షరాంకెల నంబరు, హెచ్‌యూఐడీ, ఉంటే అది 2021లోనో ఆ తర్వాతో ముద్ర వేసిన నగ. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలు వస్తాయి. ఏ ముద్రా లేదంటే నకిలీ అని కాదు, పాతది కావచ్చు. ముద్ర లేని అసలు బంగారం మన ఇళ్ళలో బోలెడుంది.

కంసాలి, తెలంగాణలో అవుసలాయన

కొత్త నగలు అమ్మే షోరూమ్ కుర్రాడికీ, చేత్తో పనిచేసిన ముసలి కంసాలికీ నగ చూసే పద్ధతిలోనే తేడా ఉంటుంది. ఆయన ముందు వెనకవైపు తిప్పుతాడు. టంకం ఎక్కడ పెట్టారు, తీగ చేత్తో లాగిందా మెషిన్‌దా, సీల మర చేత్తో తీసిందా, గొలుసు పతకంతో పాటు చేసిందా తర్వాత తగిలించిందా అన్నీ చూస్తాడు. మన నగల పేర్లు చెప్పగలిగేదీ ఆయనే. మీరు చెవులకు అనుకున్నది జడకు పెట్టే నాగరంలో ముక్క కావచ్చు, లాకెట్ అనుకున్నది తెగిపోయిన వంకీలో నడిమి బిళ్ళ కావచ్చు. గుట్టపూసల హారంలోంచి ఊడిన పోగు, బులాకీ, చెంపస్వరాల కొక్కెం, ఇవి ఈ తరానికి విడిగా చూస్తే ఏమిటో తెలియని వస్తువులు.

బంగారం మచ్చుకు ఆయన గీటురాయి మీద గీసి యాసిడ్ చుక్క వేస్తాడు. ఇరవై రెండు క్యారట్లా, పద్దెనిమిదా అని అనుభవంతో దాదాపు చెప్పేస్తాడు. కాగితం మాత్రం ఇవ్వడు. ఎర్రరాయిని చూసి "అసలు బర్మా కెంపమ్మా" అంటే సంతోషించండి గానీ, దాని మీద ఆస్తి పంపకాలు చేయొద్దు.

ఒక్క షరతు. రాళ్ళు ఊడదీసి తూకం వేస్తానంటే వద్దనండి. మూసిన కట్టడం ఒకసారి విప్పితే మళ్ళీ అలాగే కట్టే చేతులు దొరకడం కష్టం.

షాపులో క్యారట్ మీటరా, హాల్‌మార్కింగ్ సెంటరా?

రెండు చోట్లా ఉండే మెషిన్ దాదాపు ఒకటే, ఎక్స్‌రేతో లోహం ఏమిటో చదివేది. నగకి గీత పడదు, నిమిషాల్లో ఫలితం వస్తుంది. తేడా ఎవరి తరఫున చూస్తున్నారన్న దాంట్లో ఉంది. షాపులో చాలాచోట్ల ఊరికే చూస్తారు, కానీ ఆ చూడటం పాత బంగారం మార్పిడికి మొదటి మెట్టు. రాళ్ళ తూకం తీసేస్తారు, లక్క తూకం తీసేస్తారు, కరిగితే ఎంత వస్తుందో చెబుతారు. పనితనానికి, వయసుకు, రాళ్ళకు ఆ లెక్కలో చోటుండదు. బ్యాంకులో గోల్డ్ లోన్ అప్రైజర్ కూడా అంతే. ఆయనకు కావాల్సింది నికర బంగారం తూకం.

బీఐఎస్ గుర్తింపు ఉన్న సెంటర్‌కు మీ నగ కొనాల్సిన పని లేదు. వినియోగదారులు నేరుగా వెళ్ళి పరీక్ష చేయించుకోవచ్చు. 2022లో ప్రకటించిన రేటు ప్రకారం నాలుగు వస్తువుల దాకా ₹200, ఐదు అంతకు మించితే ఒక్కోదానికి ₹45. రిపోర్టు చేతికిస్తారు. ఈ ఖర్చుకు ఇంత నమ్మకమైన జవాబు ఇంకెక్కడా రాదు, అందుకే బంగారం సంగతి తేల్చడానికి నేను దీనికే ఓటేస్తాను.

ఒక లోపం తెలుసుకోవాలి. ఎక్స్‌రే చదివేది పైపొరనే. మందంగా బంగారం పూత ఉన్న వెండి నగని కూడా అది బంగారం అనగలదు. కాబట్టి ఒకచోట కాకుండా కొక్కెం, వెనకవైపు, బాగా అరిగిన అంచు, ఇలా మూడు నాలుగు చోట్ల పెట్టి చూడమని అడగండి. టంకం ఉన్న చోట శాతం తగ్గి కనిపిస్తే కంగారు పడొద్దు. అన్నిటికన్నా కచ్చితమైనది ఫైర్ అస్సే. దానికి నగలోంచి చిన్న ముక్క కత్తిరించి సీసంతో కలిపి కరిగించాలి. నగ దాచుకోవాలనుకుంటే అది వద్దు.

శాతం తక్కువ వచ్చిందని వెంటనే "మోసపోయారు పాపం" అనేయొద్దు. 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చి, కొత్త నగలు 14 క్యారట్లకు మించి చేయకూడదన్నారు. 1966లో గానీ ఆ పరిమితి ఎత్తేయలేదు. ఎంతోమంది స్వర్ణకారుల పొట్టకొట్టిన రూలు అది. ఆ మూడేళ్ళలో పెళ్ళయిన మీ నాయనమ్మ గొలుసు 58 శాతం చూపిస్తే, అది ఆ కాలం చట్టం కావచ్చు.

మెషిన్ రాగి, ఇత్తడి అని చూపిస్తే అది పూత నగ. మచిలీపట్నం పక్కనే చిలకలపూడిలో బంగారు పూత నగల పని తరతరాలుగా సాగుతోంది. చిలకలపూడి నగ పెట్టెలో దొరికితే అవమానం ఏమీ లేదు. ప్రయాణాలకు అది వేసుకుని అసలుది ఇంట్లో దాచుకున్నవాళ్ళు చాలామంది. అంటే అసలుది ఇంకెక్కడో ఉందేమో కూడా వెతకండి.

ఎర్రరాళ్ళ దగ్గర ఆగాలి

ఇక్కడే జనం ఎక్కువ పొరబడేది. "మా ముత్తవ్వ నాటిది, అప్పట్లో డూప్లికేట్లు ఎక్కడివి?" అంటారు. ఉన్నాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త వెర్నాయి మంటలో కెంపు తయారుచేసే పద్ధతిని 1902లోనే బయటపెట్టాడు. కొన్నేళ్ళలోనే అవి టోకున ప్రపంచమంతా పాకాయి. అంతకన్నా ముందునుంచే గార్నెట్ పలకని రంగు గాజుకు అతికించిన జోడురాళ్ళు ఉన్నాయి. కాబట్టి నగ వందేళ్ళదైనంత మాత్రాన రాయి గనిలోంచి వచ్చిందని కాదు.

పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దంతో మంచి వెలుతురులో రాయి లోపలికి చూడండి. గుండ్రటి గాలిబుడగలు, గ్రామఫోన్ రికార్డు మీద గీతల్లా వంపు తిరిగిన చారలు కనిపిస్తే అది మంటలో పెరిగిన కెంపు. సహజమైన కెంపులో చారలు తిన్నగా, కోణాలుగా ఉంటాయి. సన్నటి సూదుల్లాంటివి, చిన్న చిన్న స్ఫటికాలు ఉంటాయి. మరీ కడిగిన ముత్యంలా ఏ మచ్చా లేని పెద్ద ఎర్రరాయి కనిపిస్తే సంతోషం కన్నా అనుమానం ముందు రావాలి. అల్ట్రావయొలెట్ లైటు కింద ఎర్రగా వెలిగితే అసలుదని కొందరు చెబుతారు. మంటలో చేసిన కెంపు ఇంకా గట్టిగా వెలుగుతుంది, కాబట్టి ఆ పరీక్ష సరిపోదు.

ఇది కెంపు కాదు, స్పినెల్ (కెంపులా ఎర్రగా ఉండే మరో రత్నం) అని ల్యాబ్ చెబితే నిరాశ పడకండి. బ్రిటిష్ రాజకిరీటంలో బ్లాక్ ప్రిన్స్ రూబీ అని పేరుపడిన రాయి కూడా స్పినెలే. మంచి రంగున్న పాత స్పినెల్‌కు ఈ రోజు గిరాకీ ఉంది.

రాళ్ళకు ల్యాబ్ తప్ప దారి లేదు. జైపూర్‌లో ఒకప్పటి జెమ్ టెస్టింగ్ లేబొరేటరీ, ఇప్పటి ఐఐజీజే రీసెర్చ్ అండ్ లేబొరేటరీస్ సెంటర్ లాంటివి పేరున్నవి. అయితే రాయి నగలో బిగించి ఉంటే, అందులోనూ వెనక మూసేసి ఉంటే, ల్యాబ్ "కట్టడం అనుమతించిన మేరకు" అని రాసి ఇస్తుంది. తూకం, లోపలి మార్పులు పూర్తిగా చెప్పలేరు. ఆ పరిమితితోనే రిపోర్టు తీసుకోండి, దానికోసం నగ విప్పొద్దు. పతకంలో ముప్ఫై రాళ్ళుంటే అన్నీ పరీక్ష చేయించడం డబ్బు దండగ. నడిమి పెద్దరాయి, అంచుల్లో రెండు మూడు చాలు. అంచురాళ్ళు కృత్రిమమై నడిమిది సహజమైతే, లేదా తిరగేసైతే, ఎప్పుడో మరమ్మతులో మార్చి ఉండొచ్చు.

తెల్లరాళ్ళు, ముత్యాలు, కాసులు

తెల్లరాళ్ళకు కాలమే మంచి జల్లెడ. మనం అమెరికన్ డైమండ్ అనే క్యూబిక్ జిర్కోనియా మార్కెట్లోకి వచ్చింది 1976లో. వజ్రంలా మెరిసే మరో తయారీ రాయి మోయిసనైట్ నగల్లోకి వచ్చింది 1998 ప్రాంతంలో. 1950ల ఫోటోలో అదే ముక్కుపుడక కనిపిస్తూ, తర్వాత రాయి మార్చలేదని ఇంట్లోవాళ్ళు చెబితే, అది ఆ రెండూ కాదు. రవ్వ కావచ్చు, తెల్ల నీలం కావచ్చు, గాజు కావచ్చు. షాపులో పెన్నులాంటి టెస్టర్ పెట్టి "కూత వచ్చింది, డైమండే" అంటే, మామూలు టెస్టర్లు మోయిసనైట్‌కూ కూస్తాయని గుర్తుంచుకోండి. నీలి ఛాయ ఉన్న మేలురకం రవ్వలకు వాడే బ్లూ జాగర్ మాటా అంతే. దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటైన్ గని పేరు మీద వచ్చిన మాట అది, ఆ గని 1971లో మూతపడింది. ఏడురాళ్ళ దుద్దులు బ్లూ జాగర్‌వని ఇంట్లో చెప్పుకుంటే నిజం కావచ్చు. కానీ నీలంగా వెలిగే ప్రతి రవ్వకూ బజార్లో ఆ పేరు తగిలిస్తున్నారు, ల్యాబ్ రిపోర్టులో మామూలుగా గని పేరు ఉండదు.

ముత్యాన్ని పంటికి రాస్తే గరగర అనిపిస్తే అసలుది అంటారు. అది గాజుపూసని పట్టిస్తుంది, అంతవరకే. సముద్రంలో సహజంగా పుట్టిన బస్రా ముత్యానికీ పెంపకం ముత్యానికీ తేడా ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. ఆ రెంటి ధరల మధ్య తేడా చాలా పెద్దది కాబట్టి, హైదరాబాదు పాత ఇళ్ళనుంచి వచ్చిన సరాలైతే ఆ ఖర్చు పెట్టడం సబబే. 1970ల తర్వాత కొన్నవైతే అక్కర్లేదు.

కాసుల విషయంలో తూకమే సగం చెప్పేస్తుంది. అసలు సవరను, అంటే బ్రిటిష్ బంగారు నాణెం, 7.98 గ్రాములు, అడ్డంగా 22 మిల్లీమీటర్లు. కాసులపేరులో ఉండేవి సాధారణంగా రేకు మీద అచ్చుకొట్టిన పల్చటి బిళ్ళలు. నూరు అసలు సవరన్లతో పేరు చేస్తే మెడలో ఎనిమిది వందల గ్రాములు మోయాలి! అసలు నాణెమైతే రాణి ముఖం కాలం చెబుతుంది. పడుచు ముఖం 1887 దాకా, చిన్న కిరీటం ఉన్నది 1893 దాకా, మేలిముసుగు ముఖం 1901 దాకా. 3.4 గ్రాముల ప్రాంతంలో ఉన్న చిన్న బంగారు నాణెం మీద శివపార్వతులో గండభేరుండమో (రెండు తలల పక్షి) ఉంటే అది విజయనగర వరహా కావచ్చు. దాన్ని బంగారం రేటుకు ఎవరికీ ఇవ్వొద్దు, నాణేలు తెలిసినవారికి చూపించండి. వేలంశాలలకు ఫోటోలు పంపాల్సిందీ ఇలాంటివాటికే. మామూలు కెంపుల నగకి వాళ్ళ దాకా వెళ్ళడం వృథా ప్రయాస.

అయితే మీరు ఏది ఎంచుకోవాలి?

రాళ్ళు లేని నగైతే హాల్‌మార్కింగ్ సెంటర్ ఒక్కటి చాలు, ఒక పూటలో పని అయిపోతుంది. మూసిన కట్టడంలో ఎర్రరాళ్ళు ఉంటే ముందు పాత చేయి కంసాలి, ఆ తర్వాత ల్యాబ్. కుందన్, పోల్కీ, జడావ్ నగలకు తప్పనిసరి హాల్‌మార్కు నిబంధన వర్తించదు కాబట్టి ఆ ముద్ర కోసం తాపత్రయపడొద్దు. రాయి కొక్కేలతో పట్టి, వెనక తెరిచి ఉంటే నేరుగా ల్యాబ్. ఫోన్లో ఫోటో తీసి వెతకడం నగ పేరు కనుక్కోవడానికి పనికొస్తుంది, అసలా నకిలీయా తేల్చడానికి పనికిరాదు.

అక్కచెల్లెళ్ళ మధ్య పంచుకోవాల్సి వస్తే తూకం మీద పంచొద్దు. లక్క నిండిన పతకం బరువెక్కువ, బంగారం తక్కువ. చిన్న బేసరిలో రవ్వలు అసలువైతే ఆ పతకం కన్నా అదే విలువైనది కావచ్చు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న వాల్యుయర్ చేత అన్నిటికీ ఒకేరోజు లెక్క కట్టించండి. ఆ కాగితం పన్నుకీ పనికొస్తుంది. వారసత్వంగా వచ్చినప్పుడు పన్ను లేదు, అమ్మితే ఉంటుంది. పెద్దవాళ్ళు 2001 ఏప్రిల్ 1కి ముందే సంపాదించిన నగకి ఆ రోజు నాటి మార్కెట్ విలువని కొన్న ధరగా చూపించుకోవచ్చు, దానికి వాల్యుయర్ రిపోర్టు కావాలి. లాభం మీద దీర్ఘకాల పన్ను ఇప్పుడు 12.5 శాతం. వీలునామా గానీ, కుటుంబసభ్యుల సంతకాలతో పంపకం కాగితం గానీ దాచుకోండి. ఆదాయపన్ను సోదాల్లో పెళ్ళైన స్త్రీకి 500 గ్రాములు, పెళ్ళికాని స్త్రీకి 250, పురుషుడికి 100 గ్రాముల దాకా నగలు స్వాధీనం చేసుకోవద్దని 1994 నాటి సూచన ఉంది. అంతకు మించితే నగ ఎలా వచ్చిందో ఆ కాగితమే చెప్పాలి.

విదేశాల్లో ఉండే పిల్లలు నగని వెంట తీసుకెళ్తుంటే విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది ఉంటే మళ్ళీ ఇండియాకు తెచ్చినప్పుడు డ్యూటీ గొడవ ఉండదు. నగ వందేళ్ళు దాటిందని తేలితే ఇంకో మాట. 1972 పురావస్తు చట్టం కింద అలాంటి వస్తువుల్ని దేశం దాటించడం నిషేధం. అనుమానం ఉంటే, ఇది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ఇచ్చే సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ పని టికెట్ బుక్ చేసుకోకముందే మొదలుపెట్టండి.